తోడు చుక్కలో పనివాళ్ళు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సంక్రాంతి రోజుల్లో మా ఇంట్లో వరసగా మూడు రోజులు పెరుగు తోడుకోలేదు. చలికాలం కదా అని పాలు బాగా వేడిగా వుండగానే తోడు వేశాను. పొద్దున్నే మూత తీసి చూద్దును కదా, పాలు పాలలాగే వున్నాయి. మా అత్తగారు గిన్నెలోకి తొంగి చూసి, "తోడు చచ్చిపోయిందే అమ్మాయ్" అన్నారు. ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు, ఏదో మాటవరసకి అన్నారనుకున్నాను. తీరా పుస్తకం తిరగేస్తే ఆవిడ అన్నది అక్షరాలా నిజం. తోడు చావగలదు. ఎందుకంటే తోడుకి ప్రాణం వుంది.

చెంచాడు పెరుగులో కంటికి కనబడని జీవులు కోట్ల కొద్దీ వుంటాయి. పాలలోని చక్కెరని అవి తిని పులుపుగా మారుస్తాయి. ఆ పులుపుకి పాలలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. అదే మనం కమ్మగా వేసుకునే పెరుగు. గోరువెచ్చని పాలు, అంటే ఇంచుమించు 40 డిగ్రీల వేడి వాటికి ఇష్టం. చేయి కాలే పాలలో పడితే చస్తాయి, మరీ చల్లగా వుంటే ముడుచుకు పడుకుంటాయి. ఇడ్లీపిండి పొంగడం కూడా ఇటువంటి జీవుల చలవే. మినప్పప్పుని అంటిపెట్టుకుని వచ్చే సూక్ష్మజీవులు రాత్రంతా పిండిలో గాలి పుట్టిస్తాయి. జిగురుగా వున్న మినప్పిండి ఆ గాలిని పోనివ్వకుండా పట్టి వుంచుతుంది. అందుకే ఇడ్లీ మల్లెపువ్వులా వస్తుంది. మనం వేలకొద్దీ పనివాళ్ళతో రోజూ చాకిరీ చేయించుకుంటూ, వాళ్ళు వున్నారన్న సంగతే ఎరక్కుండా వున్నామన్నమాట!

మరి ఈ పనివాళ్ళు ఏ పనిముట్లతో పనిచేస్తారు? ఆ పనిముట్లనే ఎంజైములంటారు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఈస్టుని నూరి రసం తీశాడు. ప్రాణమున్న కణం ఒక్కటీ లేని ఆ రసం కూడా చక్కెరని పులియబెట్టింది. జీవి పోయినా పనిముట్టు పనిచేస్తుందని అలా తేలింది. 1907లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఎంజైమంటే మన కత్తిపీట లాంటిది. వంద వంకాయలు తరిగినా కత్తిపీట కత్తిపీటగానే వుంటుంది. ఒక్కో ఎంజైముకి ఒక్కో పనే. కత్తిపీట తరుగుతుంది, కోరాము కొబ్బరి కోరుతుంది. ఒకదాని పని రెండోది చేయదు. నమ్మకం లేకపోతే ఒక ముద్ద వట్టి అన్నం మింగకుండా బాగా నమిలి చూడండి, కాసేపటికి తియ్యగా వుంటుంది. అన్నంలోని గంజిపదార్థాన్ని ఉమ్మిలోని ఎంజైము చక్కెరగా విడగొడుతోందన్నమాట.

ఈ పనిముట్లని సూక్ష్మజీవుల చేత పెద్ద పెద్ద తొట్లలో తయారుచేయించి పరిశ్రమలవాళ్ళు వాడుకుంటున్నారు. వెనకటికి తోళ్ళు మెత్తబడడానికి కుక్కల పెంట, పావురాల రెట్ట వాడేవారట! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎంజైములు వచ్చి ఆ రోత వదిలించాయి. మన పిల్లలు తొడిగే వెలిసిపోయిన జీన్సులున్నాయే, వాటిని ఒకప్పుడు రాళ్ళతో కలిపి తిప్పేవారు. తరువాత ఆ పనికి నూలుపోగుని పైపైన కొరికే ఎంజైము దొరికింది.

ఇక బట్టల పొడి సంగతి. చాలా పొడుల అట్టపెట్టెల మీద సన్నని అక్షరాలతో ఎంజైములున్నట్టు రాసి వుంటుంది. నెత్తురు, పాలు, గుడ్డు మరకల్ని విడగొట్టేది ఒకటి, నూనె, నెయ్యి మరకలకి ఒకటి, గంజి, పప్పు మరకలకి మరొకటి. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టండి, చాలు. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైము ఉడికిన గుడ్డులా బిరుసెక్కి పనికిరాకుండా పోతుంది. పసుపు మరకకి మాత్రం ఈ పొడి మీద ఆశ పెట్టుకోకండి, దానికి ఎండే మందు.

ఇంకొక్క మాట. పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులే. నెత్తురు మరకని కొరికే ఎంజైముకి మరకేదో చీరేదో తెలియదు. మా అమ్మ నాకు పెట్టిన వంగపండు రంగు పట్టుచీరని తెలియక మూడు నాలుగుసార్లు ఆ పొడిలో నానబెట్టాను. నిగనిగ అంతా పోయి పాతగుడ్డలా తయారైంది. అమ్మ లేదు, చీర అలా అయింది. మీరైనా జాగ్రత్తపడండి.

ఇప్పుడు మందుల మాట. మా పెద్దత్తయ్యకి మధుమేహం. ఇన్సులిన్ వేయించుకోమంటే, "ఆవుల్లోంచి, పందుల్లోంచి తీస్తారటగా, నాకొద్దు" అని మొండికేశారు. ఒకప్పటికి ఆ మాట నిజమే. కానీ 1978లో అమెరికాలో మనిషి ఇన్సులిన్ తయారీ సూత్రాన్ని ఒక సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి, దానిచేతే ఇన్సులిన్ తయారు చేయించారు. 1982లో అది మందుల షాపులకి వచ్చింది. ఈ మాట చెప్పాక ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మన తోడులాంటిదేనన్నమాట" అని చేయి చాపారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి జబ్బుకి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు 1997లో టీకా తెచ్చారు. అది ఈస్టు చేత చేయించినదే. దిగుమతి టీకా కంటే ఎంతో చవకగా దొరకబట్టి మామూలు ఇళ్ళ పిల్లలకి అందింది.

బూజు నుంచి పెన్సిలిన్ దొరికిన కథ మీరు వినే వుంటారు. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవుల నుంచి తిరిగొచ్చి చూస్తే, గాజుపళ్ళెంలో బూజు పట్టిన మేర చుట్టూ చీము పుట్టించే క్రిములు చచ్చి వున్నాయి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి పెద్దగా వున్న రోజుల్లోనే, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీసి 1948లో లోకానికిచ్చారు. ఇవన్నీ యాంటీబయాటిక్సు. ఒక సూక్ష్మజీవి మీదికి మరో సూక్ష్మజీవి తయారుచేసిన ఆయుధాలు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా రెండోవాడికి ఒకసారి గొంతు వాచి జ్వరం వస్తే డాక్టరుగారు అయిదు రోజులకి మాత్రలు రాశారు. రెండు రోజులకే జ్వరం తగ్గింది. మిగిలినవి దండగెందుకని బిస్కట్ల డబ్బాలో దాచాను. పై నెలలో వాడికి జలుబు చేస్తే అవే రెండు వేశాను. పక్కింటి పిన్నిగారు అడిగితే వాళ్ళ మనవడికీ రెండిచ్చి, పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. ఏడాది తిరిగేసరికి మావాడికి చెవిలో చీము పట్టింది. మామూలు మందులకి లొంగలేదు. చీము పరీక్ష చేయిస్తే ఆ మందులేవీ ఆ క్రిమి మీద పనిచేయవని వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఇంజక్షన్లు. రాత్రిళ్ళు వాడు నొప్పికి మూలుగుతుంటే నా కళ్ళముందు ఆ బిస్కట్ల డబ్బాయే.

డాక్టరుగారిని అడిగేశాను, నా వల్లేనా అని. ఆయన, "మీ డబ్బా వల్లేనని చెప్పలేనమ్మా. కానీ ఇంటింటా ఇలాంటి డబ్బా వుంది" అన్నారు. ఆ మాట నాకు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

మందు చాలీచాలకుండా పడితే బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగిలి పిల్లల్ని పెడతాయి. సాక్షాత్తూ ఫ్లెమింగే 1945లో నోబెల్ బహుమతి ఉపన్యాసంలో ఈ హెచ్చరిక చేశాడు. మనం విన్నామా? పైగా జలుబు తెచ్చేవి వైరసులు, వాటి మీద ఈ మందులు అసలు పనిచేయవు. తప్పు ఇళ్ళలోనే కాదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వున్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత వుండదట! ఫ్యాక్టరీల సంగతి ప్రభుత్వం చూడాలి, మనం అడగాలి. మన డబ్బా సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత వుంటే డాక్టరు చీటీ లేకుండా కొనకండి. ఎన్నాళ్ళు వాడమంటే అన్నాళ్ళు వాడండి. ముందే ఆపాలనిపిస్తే డాక్టరునే అడగండి. మిగిల్చి దాచకండి, ఇంకొకరికి ఇవ్వకండి.

చివరగా పెరటి మాట. సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని అరిగించేది కూడా సూక్ష్మజీవులే. శుభ్రమనుకుంటూ సీసాలకి సీసాలు ఫినాయిలు, యాసిడ్ పోస్తే పాపం అవి చస్తాయి, ట్యాంకు తొందరగా నిండుతుంది. కూరగాయల తొక్కలు, వాడిన పూలు ఒక చిల్లుల కుండలో వేసి, పైన గుప్పెడు మట్టి, ఎండుటాకులు చల్లుతూ వుండండి. రెండు మూడు నెలల్లో మట్టివాసన వేసే నల్లని ఎరువవుతుంది. ఊళ్ళలో పేడని గోబర్ గ్యాసుగా మార్చి పొయ్యి వెలిగించేది కూడా ఈ జాతివాళ్ళే.

పనివాళ్ళతో ఎలా మెలగాలో మనకి ఒకరు చెప్పాలా? వాళ్ళకి తగిన వేడి, తగిన తిండి, తగిన చోటు ఇస్తే ఇల్లు నిలబెడతారు. చేతికొచ్చినట్టు మందులు పారబోసి రెచ్చగొడితే మన పిల్లల మీదికే తిరగబడతారు. ఆ బిస్కట్ల డబ్బాలో ఇప్పుడు మళ్ళీ బిస్కట్లే వున్నాయి. ఇవాళ సాయంత్రం మీరూ మీ అలమర ఒకసారి తెరిచి చూడండి. అన్నట్టు, పాలు గోరువెచ్చగా అయ్యాకే తోడు వేయండి!