పాసుపుస్తకములోని మూడవ గడి

(మన సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మగ్గమును నమ్ముకొని భివండీ చేరినవారము మనము. మన పెద్దలకు మీటరు లెక్కన కూలి దొరకినదే కాని ముదిమికి ఆధారము దొరకలేదు. నేడు మన పిల్లలు పలువురు గోదాములలో నెలజీతములకు కుదురుచున్నారు. వారి జీతమునుండి ప్రావిడెంట్ ఫండు కోత పోవుచున్నది. ఆ లెక్క చదువుట మనము నేర్వవలెను.

రూ. 15,000 మూలవేతనమైనచో పనివాని వాటా 12 శాతము, అనగా రూ. 1,800. యజమానియు అంతే చెల్లించును. అయితే యజమాని వాటా పాసుపుస్తకములో రెండు గడులుగా చీలును: రూ. 550 ఫండునకు, రూ. 1,250 పింఛనునకు. ఈ పింఛను పథకము 1995లో వచ్చినది. మొదటి రెండు గడులకు వడ్డీ చేరును. మూడవదియగు పింఛను గడికి చేరదు. అంతమాత్రమున దానిని తేలికగా చూడరాదు. అక్కడ మనకు జమయగునది సేవాకాలము. పదేండ్లు నిండినవారికి 58వ యేటినుండి నెలనెల పింఛను, వారి తరువాత భార్యకు కుటుంబ పింఛను లభించును.

ఇక పత్రముల అంకెలు. ఫండు సొమ్ము తుదిగా తీసికొనుటకు 19. ఖాతా బదిలీకి 13. నెలసరి పింఛను కోరుటకు 10డి. పదేండ్లు నిండకయే పని విడిచినవారికి 10సి. ఈ 10సిలో రెండు దారులు కలవు: సొమ్ము తీసికొనిన ఆ సేవ చెరిగిపోవును, స్కీము సర్టిఫికెట్ కోరిన సేవ నిలిచియుండును.

ఈ భేదము మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. మన వాడలోని ఒక పెద్దాయన ఒక సైజింగులో ఆరేండ్లు, వేరొకచోట ఐదేండ్లు పనిచేసిరి. నడుమ కూతురి పెండ్లికై 10సి నింపి సొమ్ము తీసికొనిరి. 58 నిండిన పిదప చూడగా లెక్కకు మిగిలినది ఐదేండ్లే. పింఛను రాలేదు. ఆనాడు ఆ పత్రము నింపిపెట్టినది మేమే. నాలుగక్షరములు వచ్చునని మా కడకు వచ్చిరి. మేము అడుగవలసిన మాట అడుగలేదు.

మరియొక చిక్కు మన పేర్లది. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము; ఇచ్చటివారు చివర వ్రాయుదురు. ఆధారు కార్డులో ఒక తీరు, ఫండు ఖాతాలో ఒక తీరు ఉన్నచో సొమ్ము చేతికి రాక ఆగును. పనిలో చేరిన నాడే సరిచూచుకొనవలెను. పని మారినను 12 అంకెల యూఏఎన్ ఒక్కటే యుండవలెను.

కొట్టులో రోజు లెక్క చూడక దీపమార్పని వర్తకులము మేము. మీ ఇండ్లలోను నెలకొకసారి పాసుపుస్తకము తెరువుడు. 10సి పై సంతకము చేయుటకు ముందు ఒక్కమారు సంఘమునకు రండు. ఈసారి అడుగవలసిన మాట తప్పక అడిగెదము.