నోటితోనే కాదు, ఒంటితోనూ



జంతుశాస్త్రం చదివినవారికి పైలా నత్త పాత చుట్టమే. వెనకటి బ్యాచీలు దాన్ని కోసి రాడ్యులాను స్లైడెక్కించాయి. ఇప్పటివాళ్లలో చాలామంది వీడియో చూసి రికార్డులో బొమ్మ గీశారు. నాచును ఆకురాయిలా గీకే నాలుక అది. నత్త తిండి సంగతి అంతటితో సరి అనుకుంటారు.

సరి కాదని 1909లోనే ఆగస్ట్ ప్యూటర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాదించాడు. నీళ్లలో కరిగిన పదార్థాలే నీటి జంతువులకు ప్రధాన ఆహారమన్నాడు. ఆ లెక్కలు నిలవలేదు. 1920లో నోబెల్ అందుకున్న డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్, 1931లో సాక్ష్యాలన్నీ తిరగేసి నమ్మదగ్గవి లేవని తేల్చాడు. ఒక ఆగస్ట్ అన్నదాన్ని ఇంకో ఆగస్ట్ కొట్టేశాడన్నమాట! క్రోగ్‌ను తప్పు పట్టలేం. అంత పలచని ద్రావణంలో ఏం జరుగుతోందో చూపే పనిముట్లు అప్పటికి లేవు.

తర్వాత వచ్చాయి. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన గ్లూకోజు ఎటు పోతోందో వెంబడించడం సాధ్యమైంది. గ్రోవర్ స్టీఫెన్స్ 1962లో ఒక పగడపు జీవి నీటిలోని గ్లూకోజును పీల్చుకుంటుందని చూపాడు. మంచినీటి నత్తల వంతు 1980లలో వచ్చింది. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జె.డి. థామస్ బృందం బయోంఫలేరియా గ్లాబ్రాటా అనే నత్త మీద పనిచేసింది. ఆ నత్త నీటిలోని గ్లూకోజును సైతం ఒంట్లోకి తీసుకుంటుంది. ఇలా చక్కెరను పట్టి లోపలికి దాటించే ప్రోటీన్లు మన పేగు గోడలోనూ ఉన్నాయి. అవన్నీ నిండిపోయాక నీళ్లలో ఎంత చక్కెర కలిపినా వేగం పెరగదు, సీట్లు నిండిన బస్సులాగ.

ఇక్కడే ఒక చిక్కుంది. గిన్నెలో చక్కెర తగ్గితే నత్తే తాగిందని రాసేయడం తేలిక. నత్త జిగురులో, గుల్ల మీద, నీళ్లలో బాక్టీరియా కాచుకుని ఉంటుంది. చక్కెర కోసం దానిదే పెద్ద ఆకలి. ఆ దొంగను పక్కన పెట్టి లెక్క చూడడమే ఈ ప్రయోగాల్లో అసలు కష్టం.

మరి చెరువులో చక్కెర ఎక్కడిది? నీటి మొక్కల నుంచి కొంత నీళ్లలోకి ఊరుతుంది. ఆకును అంటిపెట్టుకున్న నత్తకు నాచు, చక్కెర ఒక్కచోటే దొరుకుతాయి. థామస్‌కు ఈ పరిశోధన ఊసుపోక చేసిన పని కాదు. బయోంఫలేరియా మనుషుల రక్తనాళాల్లో చేరే షిస్టోసోమా పురుగుకు ఆశ్రయం. నత్తను ఆకర్షించే పదార్థాలతో విషాన్ని కలిపి ఎర వేయొచ్చని ఆయన ఆలోచన. గొర్రెల కాలేయంలో చేరే జలగను మోసే లిమ్నియా నత్తలు మన దగ్గరా ఉన్నాయి, మందలు నీళ్లు తాగే చెరువు అంచుల్లో.