అన్నని ఎవరూ అడగలేదు
(ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా పోడు గురించి, పట్టాల గురించి, 1/70 గురించి, పెసా గురించి మాట్లాడుకుంటాం. మన గూడెంలో ఒకరికి మనసు బాగోలేదంటే మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతాం. ఇవాళ గొంతు తగ్గించకుండా ఆ విషయమే మాట్లాడదామని వచ్చాను.

మాది గోదావరి పక్కన కోయ గూడెం. నేను డిగ్రీ సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా పెదనాన్న కొడుక్కి బాగోలేకుండా పోయింది. రాత్రిళ్లు నిద్ర లేదు, తిండి లేదు. ఒక్కడే మాట్లాడుకుంటూ అడవిలోకి పోయేవాడు. వడ్డె దగ్గరికి తీసుకుపోయాం, తగ్గలేదు. చివరికి చేతులు తాడుతో కట్టి, ఆటోలో వేసి, దూరంగా ఉన్న ఒక మానసిక వైద్యశాలకి తీసుకుపోయాం. ఆ తాడు ఒక కొస పట్టుకున్నది నేనే. ఇది దాచి మాట్లాడితే నా మాటకి విలువ ఉండదు.

అక్కడ డాక్టర్ తెలుగులో అడిగాడు. అన్నకి సంత తెలుగు వచ్చు గానీ, లోపల ఏమవుతుందో చెప్పాలంటే కోయ మాటే కావాలి. అందుకే ఊరుకున్నాడు. తర్వాత కాగితంలో చూశాను, 'సహకరించడం లేదు' అని రాసి ఉంది. పెదనాన్న చేత వేలిముద్ర వేయించుకున్నారు, అందులో ఏముందో చదివి వినిపించలేదు. అన్నకి గుండు కొట్టించారు. నలభై రోజులు ఉంచారు. ఫోన్ చేస్తే ఇవ్వలేదు.

అన్న బాగై వచ్చాడు. మందులు పనిచేశాయి, ఇప్పుడు పొలం పని చేసుకుంటున్నాడు. అందుకే చెప్తున్నా, నేను వైద్యానికి వ్యతిరేకిని కాదు. కానీ ఒక రోజు అన్న నాతో ఒక మాట అన్నాడు: "సూది నొప్పి మర్చిపోయాను తమ్ముడూ. నన్ను ఒక్క మాట అడగలేదు, అది మర్చిపోలేకపోతున్నా."

ఆ మాట పట్టుకుని నేను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివాను. చదివాక కోపం వచ్చింది. మా అన్నకి జరగకూడనివి అన్నీ అందులో రాసే ఉన్నాయి.

మనిషి ఒప్పుకోకపోయినా చేర్చుకోవడానికి 89వ సెక్షన్ ఉంది. కానీ దానికి షరతులున్నాయి. తనకు తాను హాని చేసుకునే ప్రమాదం గానీ, ఇంకొకరి మీద పడే ప్రమాదం గానీ, తనను తాను చూసుకోలేక ముప్పులో పడే స్థితి గానీ ఉండాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, అందులో ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి. ఇలా చేర్చుకుంటే 30 రోజులే. ఆ పైన ఉంచాలంటే మళ్లీ ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు అనుమతి కావాలి. చేర్చుకున్న సంగతి కూడా బోర్డుకి 7 రోజుల్లో తెలపాలి. ఆడవాళ్లు, పిల్లలైతే 3 రోజుల్లోనే. మాకైతే బోర్డు అనే మాటే ఎవరూ చెప్పలేదు.

లోపల ఉన్నా మనిషి మనిషే. బలవంతంగా గుండు కొట్టకూడదు. సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. గొలుసులు ఏ రకంగానూ వేయకూడదు. ఇంటివాళ్లతో మాట్లాడుకోనివ్వాలి. ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారో, ఏ వైద్యం చేస్తారో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. అర్థమయ్యే భాష అంటే మనకి కోయ, గోండి, కువి, సవర కూడా. ఇది మనం బతిమాలి అడిగేది కాదు, 22వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

గొలుసు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమం తగలబడింది. 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచడం వల్ల పారిపోలేకపోయారు. వాళ్లని కూడా ఇంటివాళ్లే, మంచి జరుగుతుందనే నమ్మకంతో అక్కడ వదిలివచ్చారు. మనం కట్టిన తాడుకీ ఆ గొలుసుకీ ఎంత దూరం? మీరే ఆలోచించండి.

ఈ చట్టంలో మనకి దగ్గరగా ఉన్న మాట ఇంకొకటి ఉంది. తన సమాజపు నీతులకి, నమ్మకాలకి, రాజకీయాలకి ఒదగలేదని ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదు. కులం, సంస్కృతి చూసి కూడా అంటగట్టకూడదు. ఎదురు మాట్లాడిన కోడలికీ, పెళ్లి వద్దన్న పిల్లకీ 'పిచ్చి' అని పేరు పెట్టే ముందు మన గూడెం కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

'మా ఊళ్లో మా రాజ్యం' అని మనం నినాదం ఇస్తాం. మనల్ని అడగకుండా మన భూమి మీద నిర్ణయం చేయొద్దంటాం. మరి ఒక మనిషి ఒంటి మీద, మనసు మీద అతన్ని అడగకుండా నిర్ణయం చేస్తే ఊరుకుంటామా? జబ్బు చేసిన మనిషికి అన్నీ తెలియకపోవచ్చు. ఏమీ తెలియదని మాత్రం అనుకోవద్దు. చట్టం కూడా అంతే చెప్తుంది. అతని బదులు ఇంకొకరు ఒప్పుకోవాల్సి వస్తే అది తాత్కాలికమే, సొంతంగా నిర్ణయించుకోగలడా లేదా అని 7 రోజులకోసారి మళ్లీ చూడాలి.

ఇక మనం చేయాల్సిన పని.

ఒకటి, మనసు బాగున్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు: నాకు బాగోలేకపోతే ఈ వైద్యం కావాలి, ఇది వద్దు, నా తరఫున ఫలానా మనిషి మాట్లాడాలి అని. దీన్ని అడ్వాన్స్ డైరెక్టివ్ అంటారు. అన్న చేత రాయిస్తున్నాను. తన తరఫు మనిషిగా నా పేరు పెట్టాడు. తాడు పట్టుకున్న నన్నే నమ్మాడు.

రెండు, ఎవరినైనా ఆస్పత్రికి తీసుకుపోతే మన భాష, తెలుగు రెండూ వచ్చిన ఒకరు వెంట వెళ్లండి. వేలిముద్ర వేసే ముందు కాగితం చదివించండి. ఏ సెక్షన్? ఎన్ని రోజులు? బోర్డుకి తెలిపారా? ఈ మూడూ అడగండి.

మూడు, అన్యాయం అనిపిస్తే బోర్డుకి దరఖాస్తు పెట్టండి. షెడ్యూల్డ్ తెగల వాళ్లకి న్యాయ సహాయం ఉచితం, నంబర్ 15100. మనసు బరువైనప్పుడు మాట్లాడటానికి టెలిమానస్ ఉంది, 14416.

నాలుగు, ఏజెన్సీ ఆస్పత్రుల్లో మన భాషలు తెలిసిన మనిషి ఉండాలని గ్రామసభల్లో తీర్మానం చేద్దాం. మందులు సామాజిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇవ్వాలని చట్టం చెప్తుంది. అది దగ్గర్లో దొరికితే చాలామందిని తాడు కట్టి దూరం తీసుకుపోయే అవసరమే రాదు.

చివరిగా ఒక్క మాట. ఇవాళ ఇంటికి వెళ్లాక, మీ గూడెంలో మూలన కూర్చునే మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోండి. "నీకేం కావాలి?" అని మన భాషలో అడగండి. మేము మా అన్నని అడగలేదు. మీరు అడగండి.

జై ఆదివాసీ!