రాజన్న రాజధాని

మల్యాల చుట్టుపట్ల పల్లెలలో సంచి భుజమున వేసికొని, పిల్లల చేతులు పట్టుకొని బయలుదేరినవారిని "ఎచ్చటికి?" అని అడిగినచో, "వేములవాడకు" అని చెప్పువారు తక్కువ. "రాజన్నకాడికి పోతున్నం" అందురు. ఊరి పేరు వెనుకకు పోయి దేవుని పేరు ముందునకు వచ్చును. పోయి, మ్రొక్కు చెల్లించుకొని, మరుదినమున కొండగట్టు అంజన్నను కూడ దర్శించుకొని ఇల్లు చేరుదురు. ఈ యాత్ర మా ప్రాంతమున ప్రతి కుటుంబమునకును చుట్టాలయింటికి పోయివచ్చినంత పరిచితము.

అయితే వెయ్యేండ్లకు పూర్వము ఈ త్రోవలను నడచినవారు కూడ రాజు కడకే పోయెడివారు. ఆ రాజు దేవుడు కాడు, మనుష్యుడు. వేములవాడ చాళుక్యవంశపు రాజు. ఈనాడు గుడికి పేరు పడిన ఈ ఊరు ఆనాడు ఒక రాజ్యమునకు రాజధాని.

రాజధాని యనగానే మన కన్నుల యెదుట కోటబురుజులును, సింహద్వారములును, అంతఃపురములును మెదలును. గోలకొండను చూచినవారికిని, ఓరుగల్లు తోరణములను చూచినవారికిని అది సహజము. ఆ భావనతో వేములవాడలో దిగినవారికి నిరాశ తప్పదు. బస్సు దిగినది మొదలు గుడి గోపురము దాక దుకాణములే కనిపించును గాని కోటగోడ యొక్కటియు కంటబడదు. మరి ఆ రాజధాని యేమాయెను? రాజులు పోయిన తరువాత ఒక రాజధానిలో మిగులున దేమి? ఈనాటి ప్రసంగమున ఆ సంగతి కొంత ముచ్చటింపదలచితిని.

వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులు. ఎనిమిదవ శతాబ్ది మధ్యనుండి పదవ శతాబ్ది చివరిదాక, సుమారు రెండువందల యేండ్లు, ఉత్తర తెలంగాణమున అధికారము నెరపిరి. మొదట వారి నెలవు బోధను. తరువాత వేములవాడ. శాసనములలో ఈ యూరి పేరు లేంబులవాటక మనియు, లేంబులపాటక మనియు కనిపించును. ఈ వంశమువారిలో మొదటి బద్దెగునకు 'సోలదగండ' యని బిరుదు. ఓటమి నెరుగని వీరుడని దాని భావము. 42 యుద్ధములలో గెలిచెనని అతని కీర్తి. వేంగి ప్రభువైన చాళుక్య భీముని, నీటిలోని మొసలిని పట్టినట్లు పట్టెనని కూడ చెప్పుకొనిరి. అతని తరువాతి వారిలో రెండవ అరికేసరి ప్రఖ్యాతుడు. కన్నడ ఆదికవియని పేరుగాంచిన పంపమహాకవి ఇతని ఆస్థానముననే యుండెను. తన విక్రమార్జున విజయమున భారతకథ చెప్పుచు, అరికేసరినే అర్జునునిగా నిలిపెను. 973లో రాష్ట్రకూట ప్రభుత్వము కూలినది. వారి నీడన నున్న ఈ వంశమును ఆ కాలముననే చరిత్రనుండి తప్పుకొన్నది.

రాజుల సంగతి ఇంతటితో చాలును. నాకు అంతకన్న ఆసక్తికరముగా తోచునది ఆనాటి ఊరి దైనందిన జీవితము. దానిని తెలిసికొనుటకు మనకు రెండు మూడు గట్టి ఆధారములు కలవు.

మొదటిది పర్భణీలో దొరికిన తామ్రశాసనము. పర్భణీ నేడు మహారాష్ట్రములో నున్నది. 966లో మూడవ అరికేసరి ఆ శాసనమును వ్రాయించెను. అతని తండ్రి రెండవ బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయమను జైనాలయమును కట్టించియుండెను. ఆ ఆలయమునకై వనికటుపులు అను గ్రామమును కొడుకు సోమదేవసూరికి దాన మిచ్చెను. ఆ గ్రామము రేపాక పండ్రెండు అను గ్రామసముదాయములోనిదట. రేపాక నేటికిని ఇల్లంతకుంట మండలమున నున్నది. అనగా వెయ్యేండ్ల క్రిందట రాగిరేకుపై చెక్కిన పేరును మనము నేటి బస్సు పలకపై చదువుకొనవచ్చును.

ఆ దానము దేనికొరకు? పగిలినచోట అదుకుటకు, క్రొత్తగా సున్నము వేయుటకు, నైవేద్యమునకు. ఒక రాజు శాసనము వ్రాయించుచు గుడిగోడల సున్నమును గూర్చి కూడ తలచెను. కట్టించుట ఒకయెత్తు, కట్టినదానిని నిలుపుట ఒకయెత్తు అని ఆనాటివారికి తెలిసియుండెను. ఆ ఒక్క పంక్తిలో నాకు రాజధాని కనిపించును. నిచ్చెన వేసికొని గోడ పూయు పనివాడును, సున్నపుబట్టీయును, వంటశాల పొగయును, ఏటేట లెక్క చెప్పవలసిన గ్రామ పెద్దలును కండ్ల యెదుట నిలుతురు.

ఆ దానమును గ్రహించిన సోమదేవసూరి సామాన్యుడు కాడు. 959లో యశస్తిలకమను సంస్కృత చంపూకావ్యమును ముగించిన పండితుడు. రెండవ అరికేసరి పెద్దకొడుకు వాగరాజు ఏలుబడిలో, గంగధార యను పట్టణమున ఆ కావ్యము పూర్తియైనదని ఆయనయే వ్రాసికొనెను. ఆ గంగధార కరీంనగరునకును కొండగట్టునకును నడుమనున్న నేటి గంగాధరయే యని పరిశోధకులలో పెక్కురి మతము. రాజనీతిని చిన్నచిన్న వాక్యములలో చెప్పిన నీతివాక్యామృతమును ఆయన రచనయే.

రెండవ ఆధారము ఆ గంగాధర సమీపముననే యున్నది. కురిక్యాల యను పల్లె ప్రక్కన బొమ్మలమ్మగుట్ట యని ఒక రాతిగుట్ట. ఆ రాతిపై జైన తీర్థంకరుల మూర్తులును, చక్రేశ్వరి మూర్తియును చెక్కబడియున్నవి. వాటిక్రింద ఒక శాసనము. దానిని చెక్కించినవాడు జినవల్లభుడు, పంపకవికి తమ్ముడు. సుమారు 945 నాటిదగు ఆ శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలును ఉన్నవి. తెలుగున మూడు కందపద్యములు. నన్నయభట్టు మహాభారతమునకు పూనుకొనుటకు నూరేండ్లకు ముందే, మన ఊరి గుట్టపై తెలుగు కందము నడక నేర్చినది. తెలుగు ప్రాచీనభాష యని చూపుటకు పండితులు ముందుంచిన ఆధారములలో ఈ శాసన మొకటి. 2008లో ఆ ప్రతిపత్తి తెలుగునకు లభించినది.

ఆ అన్నదమ్ముల కుటుంబమును చూడుడు. తాతముత్తాతలు వేంగినాటి వంగిపర్రువారు. తల్లి పుట్టిల్లు కన్నడదేశపు అణ్ణిగేరి వైపు. బ్రదుకుతెరువు వేములవాడ రాజుకొలువు. అన్న కన్నడమున కావ్యములు చెప్పెను, తమ్ముడు తెలుగు పద్యములు రాతిపై చెక్కించెను. రాజధానియనగా ఇదియే గదా! నాలుగు దిక్కులనుండి వచ్చినవారు ఒకచోట కుదురుకొని, ఎవరి మాట వారు విడువక, ఎదుటివారి మాట నేర్చుకొను తావు.

జినవల్లభుడు తాను చేసిన పనులను కూడ అందు చెప్పెను. త్రిభువనతిలకమను బసదిని కట్టించెను, కవితాగుణార్ణవమను చెరువును త్రవ్వించెను, మదనవిలాసమను తోటను వేయించెను. కవితాగుణార్ణవుడనునది పంపకవి బిరుదు. అన్నగారి బిరుదును చెరువునకు పెట్టినాడు తమ్ముడు! అన్న పేరు పుస్తకములో మాత్రమే యుండరాదు, కడవ ముంచిన ప్రతి ఇల్లాలి నోటను పలుకవలెనని అతడు తలచెను కాబోలు.

ఇక నేటి వేములవాడకు వత్తము.

తెల్లవారుజామున ఊరు మేల్కాంచును. సోమవారమైనచో అసలు నిద్రించిన దెప్పుడో తెలియదు. ధర్మగుండమున స్నానములు, కల్యాణకట్ట కడ తలనీలాలు, తడిబట్టలతో వరుసలు. ఆ వరుసలలో ఒకటి మరెక్కడను కానరానిది. అది కోడెను పట్టుకొన్నవారి వరుస. సంతానమునకో, పంటకో, రోగము నయమగుటకో మ్రొక్కుకొన్నవారు కోడెను పట్టుకొని గుడిచుట్టు తిరిగి కట్టివేయుదురు. పట్టణమున ఉద్యోగము చేయు యువకుడు కోడెపగ్గమును బెదురుబెదురుగా పట్టుకొని నడచుటయు, వెనుకనుండి అతని అవ్వ "గట్టిగ పట్టు బిడ్డా" అని హెచ్చరించుటయు నేను చూచితిని. సేద్యమును విడిచిన ఇండ్లకు కూడ పశువుతోడి చుట్టరికము ఇంకను తెగలేదు.

బయట బెల్లము, కొబ్బరికాయలు, గాజులు, పిల్లల బొమ్మలు. చెట్లక్రింద మూడురాళ్ల పొయ్యిలపై వంటలు. రెండేండ్ల కొకమారు మేడారము సమ్మక్క సారలమ్మల జాతర వచ్చినపుడు, ముందుగా రాజన్నను దర్శించిగాని అటు పోరాదని జనుల నియమము. ఆ నెలలలో ఊరిలో కాలుపెట్ట సందుండదు. శివరాత్రికి చెప్పనే యక్కరలేదు.

గాజుల దుకాణము కడ నొక ముసలమ్మను నేను అడిగితిని. "అవ్వా, ఇచ్చట పూర్వము రాజులుండిరట, వారి కోట యెక్కడ?" ఆమె నన్ను ఎగాదిగా చూచి, "ఈడ రాజన్నొక్కడే రాజు, ఇంకో రాజెక్కడున్నడు బిడ్డా!" అన్నది. మొదట నవ్వు వచ్చినది. తరువాత ఆలోచింపగా ఆమె మాట నిజమే యనిపించినది. రాజు కొలువునకు జనులు ఏమి తీసికొనిపోవుదురు? కష్టము చెప్పుకొందురు, కానుక సమర్పింతురు, తీర్పుకై వేచియుందురు. ఆ పని నేటికిని ఇచ్చట జరుగుచునే యున్నది. సింహాసనము ఖాళీగా నుండనీయక జనులు దేవుని కూర్చుండబెట్టిరి. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు ఈ జిల్లాకు రాజన్న సిరిసిల్ల యని పేరు పెట్టిరి. జిల్లా కచ్చేరి సిరిసిల్లలో నున్నది, పేరులో ముందుమాట వేములవాడది.

ఈ రాజు కొలువున పట్టింపులు తక్కువ. గుడి ఆవరణముననే ఒక దర్గా వెలసినది. ఒక ముసల్మాను భక్తుడు శివుని సేవించి ఇచ్చటనే దేహము చాలించెనని చెప్పుదురు. శివాలయమయ్యును శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణము అతివైభవముగా జరుగును. తమ్ము శివునకు అర్పించుకొన్న శివపార్వతులు ఆనాడు తామును తలబ్రాలు పోసికొందురు. రాజన్న దర్శనమైన పిదప బద్ది పోచమ్మకు బోన మెత్తవలెను. ఆ పేరు విన్నపుడెల్ల నాకు బద్దెగుడు స్ఫురించును. ధ్వనిసామ్యము చరిత్ర కాదు గనుక అంతకుమించి పోరాదు. భీమేశ్వరాలయము సంగతి వేరు. అదియే బద్దెగుడు కట్టించిన బద్దెగేశ్వరమని పరిశోధకులు చెప్పుదురు. కట్టించినవాని పేరు మరుగుపడి, గుడిలో దీపము మాత్రము ఆరక నిలిచినది.

పేర్లును తావులును విడిపోవుట పాతకాలపు ముచ్చట మాత్రమే యనుకొనరాదు. మానేటిపై మాన్వాడ కడ కట్టిన మధ్యమానేరు జలాశయమునకు రాజరాజేశ్వర జలాశయమని రాజన్న పేరే పెట్టినారు. 25 టి.ఎం.సి.లకు మించిన నీరు పట్టును. బీళ్లకు నీరు వచ్చుట శుభమే. కాని ఆ నీటిక్రింద వరదవెల్లి, అనుపురము, రుద్రవరము, చింతల్‌ఠాణ మున్నగు పల్లెలు మునిగినవి. అచ్చటివారు క్రొత్తగా వెలసిన కాలనీలలో ఇండ్లు కట్టుకొని, వాటికి పాత ఊళ్ల పేర్లే పెట్టుకొనిరి. బొడ్రాయి నీటిలో మిగిలినను ఊరిపేరు గట్టు చేరినది. లేంబులవాటకము రాజులను పోగొట్టుకొని వేములవాడగా బ్రదికినట్లు, ఆ పల్లెలును బ్రదుకుచున్నవి. అయితే పేరు నిలిచిన మాత్రమున పోయిన చేను తిరిగి రాదు. ఆ మాట మరువరాదు.

రాజధానిలో మిగులున దేమి యని మొదట అడిగితిని. నాకు తోచిన సమాధాన మిది. జనులు వాడుకొనునది మిగులును. ధర్మగుండమున మునుగుచున్నారు గనుక ధర్మగుండము మిగిలినది. మ్రొక్కుచున్నారు గనుక గుడి మిగిలినది. వాడుక తప్పినది శిథిలమగును. శుభధామ జినాలయమునకు రాజు గ్రామము నిచ్చెను, సున్నమునకు ఏర్పాటు చేసెను. అయినను ఆ గోడలు నిలువలేదు. రాగిరేకు మాత్రము నిలిచినది.

అందువలననే నాకు బొమ్మలమ్మగుట్టను గూర్చి దిగులు. ఆ శాసనమునకు పూజలేదు, జాతరలేదు. దానిని కాచునది మన తెలివి యొక్కటే. కరీంనగరు ప్రాంతపు గుట్టలు గ్రానైటు రాతికై తొలువబడుచుండుట మన మందరము బస్సు కిటికీనుండి చూచుచున్నదే. గుట్టను పలకలుగా కోయుటకు ఎక్కువ దినములు పట్టదు. ఒకమారు కోసిన తరువాత మూడు కందపద్యములను మరల రాతిపై పుట్టించువాడు లేడు.

కావున శ్రోతలకు నాదొక మనవి. ఈసారి రాజన్నకు మ్రొక్కి, అంజన్న కొండ ఎక్కబోవునపుడు, కొంచెము చుట్టైనను కురిక్యాల దాక పోయిరండు. పిల్లలను వెంట తీసికొనిపోయి ఆ యక్షరములను చూపుడు. చదువ రాకపోయినను ఫరవాలేదు. మన ఊరివాడొకడు వెయ్యేండ్ల క్రిందట మన మాటను రాతిపై నిలిపెనని వారికి తెలిసిన చాలును. నలుగురు పోయివచ్చు త్రోవలో గడ్డి మొలవదని మన పెద్దలందురు. ఆ గుట్టకు అట్టి త్రోవ యొకటి పడవలెను.