ముద్దాయి పక్షమున నిలుచు వకీలు

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహ వ్యయములను తగ్గించుటను గూర్చియు ముచ్చటించుటకు మాకంటె సమర్థులు వేదికపై నున్నారు. నలువది వత్సరములు క్రిమినలు కోర్టులలో ముద్దాయిల పక్షమున నిలిచినవారము గనుక మేమెరిగిన దానినే విన్నవించుకొందుము. ఇందుకు వేరొక కారణమును గలదు. రేపటి సభలో చర్చకు రానున్న తీర్మానములలో నొకటి, మన కుటుంబములకు హాని చేసిరని యభియోగము మోపబడినవారి పక్షమున మన వకీళ్లెవ్వరును వకాలతు పుచ్చుకొనరాదని కోరుచున్నది. ప్రతిపాదించినవారు మాకు చిరకాలమిత్రులు. వారి దుఃఖము మేమెరుగనిది కాదు. అయినను ఆ తీర్మానమును స్వీకరింపవలదని ప్రార్థించుటకే మేమీ వేదిక నెక్కితిమి.

మమ్ము చూచినవారెల్ల నడుగు ప్రశ్న యొక్కటే: “వాడు నేరము చేసినవాడని తెలిసియు మీరెట్లు వాదింతురు?” పెండ్లిపందిళ్లలో నడిగిరి, రైలుబండ్లలో నడిగిరి, మా యింటి ఆడువారును అడిగిరి. మా సమాధానము సులభమైనది. వాడు నేరము చేసెనో లేదో తేల్చు నధికారము మాకు లేదు. ఆ పని న్యాయాధిపతిది. నేరమును సందేహమునకు తావులేకుండ ఋజువు చేయు భారము ప్రభుత్వమువారిది. ఆ ఋజువు నిలుచునో నిలువదో ఒరసి చూచుట మా పని. బంగారమును గీటురాయిపై నొరసిన కంసాలిని, నీవు బంగారమునకు శత్రువవా యని యెవ్వరు నడుగరు గదా!

అట్లని వకీలునకు హద్దులు లేవని తలపరాదు. అబద్ధమని తెలిసిన సాక్ష్యమును కోర్టున బెట్టరాదు. సాక్షిని బెదరింపరాదు. గెలిచినచో నింత యని ఫలితముపై ఫీజు నేర్పరచుకొనరాదు. ఇవి బార్ కౌన్సిలువారి నియమములు. ముద్దాయి దోషియో కాదో యను స్వంత యభిప్రాయముతో నిమిత్తము లేకుండ అతని పక్షమున వాదింపవలెననుటయు నా నియమములలోనిదే.

ఈ వృత్తి స్వరూపము నెరుగనివారు దానిని వాక్చాతుర్య మనుకొందురు. చలనచిత్రములలో వకీలు బల్లగ్రుద్ది గర్జించును. నిజమైన పని అంతయు కాగితములలోను, కాలినడకలోను ఉన్నది. ప్రథమ సమాచార నివేదిక యేగంటకు వ్రాయబడెను? మెజిస్ట్రేటుగారి కేగంటకు చేరెను? నడుమ నాలస్యమైనచో నేల? శవపంచాయతీ కాగితములో లేని పేరు అభియోగపత్రములో నెట్లు వచ్చెను? సాక్షి పోలీసువారితో చెప్పిన మాటకును, కోర్టులో ప్రమాణము చేసి చెప్పిన మాటకును భేదమేమి? ఈ ప్రశ్నలతో రాత్రులు గడచును. ఎదురు విచారణలో నేప్రశ్న వేయవలెనో తెలియుట విద్య. ఏప్రశ్న వేయకూడదో తెలియుట యంతకంటె గొప్ప విద్య. అనవసరముగా వేసిన యొక్క ప్రశ్న ముద్దాయి మెడకు త్రాడగుట మేము కన్నులార చూచితిమి.

అమెరికాదేశమున 1858వ సంవత్సరమున అబ్రహాము లింకను వకీలుగా నుండగా, ఆర్మ్‌స్ట్రాంగను యువకునిపై హత్యానేర విచారణ జరిగెను. చంద్రుడు నడినెత్తిన వెలుగుచుండగా కొట్టుట చూచితినని ఒక సాక్షి చెప్పెను. లింకను పంచాంగమును కోర్టున జూపి, ఆ వేళకు చంద్రుడస్తమించుటకు సిద్ధముగా దిగంతమున నుండెనని తేల్చెను. యువకుడు విడుదలయ్యెను. ఆతని తల్లి తన బీదదినములలో నాదరించినదను కృతజ్ఞతతో లింకను ఫీజు పుచ్చుకొనలేదు. మన యిండ్లలో పంచాంగము లేని గడప యుండదు. తిథి చూడక ప్రయాణము కట్టని మనము, సాక్షి చెప్పిన వెన్నెల నిజమా కాదా యని చూచుకొనవలదా?

ఇట్లు చెప్పుచున్న మేమే ఒకప్పుడు చూచుకొనమైతిమి. ఆ సంగతి దాచుట ధర్మము కాదు. మా వృత్తియందు పదునొకండవ యేట ఒక బీద నేతపనివాని పక్షమున సెషన్సుకోర్టులో వాదించితిమి. ఎదుటి యింటి కిటికీనుండి చూచితినని ఒక సాక్షి చెప్పెను. ఘటనాస్థలము మాయూరికి పండ్రెండు మైళ్లు. పోయి చూడవలసియుండెను, పోలేదు. మా వాక్పటిమపై మాకు నమ్మకము మెండు. మూడు గంటలు వాదించితిమి. పలువురు ప్రశంసించిరి. ముద్దాయికి శిక్షపడెను. రెండేండ్లకు అప్పీలులో వేరొక వకీలు, మాకంటె చిన్నవాడు, కిటికీకిని వీథికిని నడుమ నొక గోడ యున్నదని పోలీసువారు వ్రాసిన పటమునుండియే చూపెను. ఆ పటము మా కట్టలోను ఉండెను. అతడు విడుదలయి యింటికి వచ్చునప్పటికి తల్లి గతించి యెనిమిది మాసములు. మమ్ము చూచి యాతడు నమస్కరించెను. ఒక్క పరుషవాక్యమైన పలుకలేదు. ఆ నమస్కారము నేటికిని మాకు శిక్షయే. నాటినుండి స్థలము చూడక కేసు వాదింపలేదు.

వేరొక సంగతి. మన కులములోని ఒక సంపన్నగృహస్థు ఇంట దొంగతనము జరిగి, పాలేరుపై కేసు వచ్చెను. ఆ పాలేరు పక్షమున మేము నిలిచితిమి. “మనవాడవై యుండి మాపై నిలుతువా?” యని యా పెద్దమనుష్యుడు మా గుమ్మమున కేకవేసెను. సాక్ష్యము చాలక పాలేరు విడుదలయ్యెను. తొమ్మిదేండ్లు ఆ కుటుంబము మా యింట శుభకార్యమునకు రాలేదు. వాడు దొంగిలించెనో లేదో నాడును మేమెరుగము, నేడును ఎరుగము. ఎరిగినది ఒక్కటే: వానిని బంధించుటకు చాలిన ఋజువు లేదు. పదియవయేట ఆ పెద్దమనుష్యుని కుమారునే వేరొక కేసులో అర్ధరాత్రి పట్టుకొనిపోయిరి. తెల్లవారకముందే ఆయన మా యరుగుపై కూర్చుండియుండెను. మేము కారణ మడుగలేదు. చొక్కా తొడుగుకొని వెంటబోయితిమి. ఆపద కులమును చూచి రాదు, ముహూర్తము పెట్టుకొని రాదు.

మన తెలుగుదేశమున నీవృత్తికి గౌరవము దెచ్చినవారిలో టంగుటూరి ప్రకాశము పంతులుగారొకరు. తల్లి పూటకూళ్లయిల్లు నడిపి పెంచినది. గురువగు ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు వేరు కులమువారయ్యును కన్నబిడ్డవలె నాదరించి చదివించిరి. పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా నారంభించి, ఆపై ఇంగ్లండునకు పోయి బారిష్టరై 1907లో మరలివచ్చి మద్రాసు హైకోర్టున పేరుగాంచిరి. 1911లో తిరునల్వేలి కలెక్టరగు ఆష్ దొర హత్యకు గురికాగా, దేశమంతట భయము క్రమ్మినవేళ, ఆ కేసు ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో వారొకరు. ఆనాడు ముద్దాయివంక చూచుటయే రాజద్రోహమని తలచువారుండిరి. వారు వెనుదీయలేదు. 1921లో సహాయనిరాకరణమునకై లాభసాటియగు ఆ వృత్తినే త్యజించిరి. కలకత్తాలో చిత్తరంజనదాసుగారు అలీపూరు బాంబు కేసులో అరవిందులవారి పక్షమున వాదింపగా, 1909లో వారు నిర్దోషులని విడుదలయిరి.

వకీలు లేనిచో నేమగునో యెరుగుటకు దూరము పోనక్కరలేదు. 1949లో నల్లగొండ ప్రాంతమున తెలంగాణా పోరాట సందర్భమున ప్రత్యేక న్యాయస్థానములు కొందరికి మరణశిక్ష విధించెను. తమకు వకీలు సహాయము సరిగా లభింపలేదని వారు సుప్రీంకోర్టు కెక్కిరి. వారికై ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్‌గారు వచ్చి వాదించిరి. 1951లో సుప్రీంకోర్టువారు, వకీలును నియమింపలేదను నంతమాత్రమున విచారణ చెల్లకపోదని తీర్పు చెప్పిరి. ఆ పిమ్మట మరణశిక్షలు యావజ్జీవముగా మార్చబడి ప్రాణములు దక్కెను గాని, ధర్మసందేహము మిగిలియే యుండెను. 1978లో హోస్కట్ కేసులోను, 1979లో హుసేనారా ఖాతూను కేసులోను బీదవానికి ఉచితముగా వకీలు సహాయ మొసగుట రాజ్యాంగ ధర్మమని అదే కోర్టు పలికెను. 1986లో సుక్‌దాసు కేసులో, ఆ సహాయము గలదని ముద్దాయికి తెలుపక జరిపిన విచారణ చెల్లదని కొట్టివేసెను. ఈ నడుమ ముప్పదియైదేండ్లు గడచెను. ఆ ముప్పదియైదేండ్లలో వకీలు లేక శిక్ష ననుభవించినవారి లెక్క యెవ్వరు చెప్పగలరు?

ఇక తీర్మానమును గూర్చి. కోయంబత్తూరున న్యాయవాదుల సంఘమొకటి, కొందరు పోలీసు ముద్దాయిల పక్షమున నెవ్వరును వాదింపరాదని తీర్మానించెను. 2010లో సుప్రీంకోర్టువారు అట్టి తీర్మానములన్నియు చెల్లనివని, రాజ్యాంగమునకును వృత్తిధర్మమునకును విరుద్ధములని స్పష్టముగా పలికిరి. నచ్చిన వకీలు ద్వారా తన పక్షము వినిపించుకొను హక్కు 22వ యధికరణము ప్రతివాని కొసగినది. వకీళ్ల సంఘమునకే లేని యధికారము కులసంఘమున కెట్లు కలుగును?

పెద్దలు వేరొక సంగతి యాలోచింపవలెను. మనిషిని విడిచి కులమును నేరస్థునిగా నెంచుట యెంత ఘోరమో మన దేశము చూచియున్నది. 1871లో పుట్టిన నేరజాతుల చట్టముచే కొన్ని జాతులవారు పుట్టుకతోనే దొంగలని ముద్రవేయబడిరి. బాపట్ల చేరువనున్న స్టువర్టుపురము అట్టివారికై యేర్పడిన నివేశనమే. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. ముద్రమాత్రము తరములపాటు వెంటాడెను. ఒక్కొక్కని నేరమును వేరువేరుగా ఋజువు చేయుమని నిలదీయు వకీలు లేనిచోటనే యట్టి చట్టములు వర్ధిల్లును. నేడు మనము ఇతరులకు మూసిన తలుపు రేపు మనకే మూయబడును.

ఇప్పుడు గృహస్థులకు పనికివచ్చు నాలుగు మాటలు. 2024 జూలై 1వ తేదీనుండి క్రొత్త నేరచట్టములు అమలులోనికి వచ్చినవి. శిక్షాస్మృతియు, విచారణవిధానమును, సాక్ష్యచట్టమును పేర్లు మారినవి. మూలధర్మములు మారలేదు. పట్టుకొన్నవాని నిరువదినాలుగు గంటలలో, ప్రయాణకాలము మినహా, మెజిస్ట్రేటుగారి యెదుట నిలుపవలెను. ఏల పట్టుకొనిరో చెప్పవలెను, బంధువునకు తెలుపవలెను. పోలీసువారియెదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదు. నేరమునుబట్టి అరువది లేక తొంబది దినములలో అభియోగపత్రము దాఖలు కానిచో జామీను హక్కుగా లభించును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, నిర్బంధములో నున్నవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసిన చాలును. ఈ మాటలు ప్రతి యింటను గోడపై వ్రాసికొనదగినవి. 2022వ సంవత్సరాంతమున మన దేశపు చెరసాలలలోని వారిలో నూటికి డెబ్బదియైదుగురకు పైగా శిక్షపడినవారు కారు, విచారణకై వేచియున్నవారు. అందు ననేకులకు లోపించినది నిర్దోషిత్వము కాదు, పూచీదారును, అడుగువాడును.

కావున మేము మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది, ఆ తీర్మానమును విరమింపుడు. హాని పొందిన మన కుటుంబములకు అండగా నిలుచుటకు వేరు మార్గము కలదు: వారి పక్షమున ప్రాసిక్యూషనువారికి తోడ్పడుటకు మంచి వకీలును సంఘనిధినుండి నియమింపుడు. ముద్దాయి వకీలును తొలగించి గెలిచిన కేసు అప్పీలులో నిలువదు. రెండవది, ధర్మశాస్త్రము చదువ నుత్సహించు బీదవిద్యార్థులకు, బాలికలకు ముఖ్యముగా, ఏటేట వేతనముల నేర్పరుపుడు. మూడవది, అరెస్టయిన మొదటి దినమున పరుగెత్తి వచ్చు వకీళ్ల పట్టిక యొకటి సంఘ కార్యాలయమున నుంచుడు. ఆ పట్టికలో మా పేరు మొదట వ్రాసికొనుడు. పిలిచినవాని కులమును మేమడుగము. మీరును అడుగవలదని మా ప్రార్థన.