పాత కారు కొనే ముందు



చీటీ డబ్బు చేతికందింది, పాత కారు కొందామంటున్నారా మీవారు? రంగు, సీటు కవర్లు చూసి మురిసిపోకండి. మన అనంతపురంలో ముందు చూడవలసింది రేడియేటరు. ఇక్కడ చాలాచోట్ల బోరునీళ్ళలో లవణాలెక్కువ. కూలెంటు బదులు అవే పోస్తూ వచ్చిన బండిలో, నీళ్ళు కాచే గిన్నెకు పట్టినట్టే తెల్లటి పెచ్చు కడుతుంది. ఎండాకాలంలో ఇంజను కాగిపోతుంది.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే వెళ్ళి మూత తీయించండి. వేడి మీద తీస్తే ఒళ్ళు కాలుతుంది. తుప్పునీళ్ళు కనిపిస్తే ఆ బండి వద్దు. అప్పుడే స్టార్టు చేయించి చూడండి. ముందే వేడెక్కించి ఉంచితే లోపం బయటపడదు.

ఆర్.సి.లో బ్యాంకు అప్పు నమోదై ఉంటే, అది కొట్టేయించాకే పైకమివ్వండి. ముచ్చటపడి కొన్నది మూలన పడకూడదు కదా! సెలవు.