చూపుకు ఓర్పు నేర్పే విద్య: చర్మ లింఫోమా వైద్యంలో యువవైద్యుల శిక్షణ

ఈ సదస్సు చర్చకు ఎంచుకొన్నది అరుదైన జబ్బే అయినా, అందులోని ప్రశ్న వైద్యవిద్య అంతటికీ మూలమైనది. వృత్తిజీవితం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే ఎదురయ్యే జబ్బును, ఎదురైన మొదటిసారే అనుమానించగలిగేలా యువవైద్యులను తీర్చిదిద్దడం ఎలా అన్నదే ఆ ప్రశ్న. చర్మ లింఫోమా రోగులకు మందుల కొరత కంటే తర్ఫీదు పొందిన కళ్ల కొరతే ముందుగా నష్టం చేస్తున్నదనీ, ఆ కొరతను తీర్చే పని ప్రతి వైద్యకళాశాలలోనూ మొదలుకాగలదనీ నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

శరీరానికి రక్షణ కల్పించే తెల్ల రక్తకణాలలో ఒక తెగ అయిన లింఫోసైట్లు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సరును లింఫోమా అంటారు. ఇది చాలామందిలో మెడలోనో చంకలోనో బిళ్ల కట్టి బయటపడుతుంది. అలా కాక చర్మంలోనే పుట్టి, గుర్తించేనాటికి మరే అవయవంలోనూ జాడ కనిపించని వాటిని ప్రాథమిక చర్మ లింఫోమాలుగా వర్గీకరించారు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం వీటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు టి-కణాలనే లింఫోసైట్ల నుంచి, మిగిలినవి బి-కణాలనే లింఫోసైట్ల నుంచి పుడతాయి. అన్నిటిలోకీ ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. అమెరికాలో చర్మపు టి-కణ లింఫోమాలన్నీ కలిపినా ఏటా పది లక్షల మందిలో పదిమందికైనా రావు.

ఈ జబ్బు చరిత్రే విద్యార్థికి మొదటి పాఠం. పారిస్‌లో జాన్ లూయీ అలిబెర్ 1806లో ఒక రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లా లేచిన కణితులను వర్ణించి, 1832లో దానికి మైకోసిస్ ఫంగాయిడిస్ అని పేరు పెట్టాడు. ఫంగస్‌తో ఏ సంబంధమూ లేని ఈ జబ్బుకు ఆ పేరు నేటికీ నిలిచిపోయింది. 1870లో ఎర్నెస్ట్ బాజాన్ మచ్చగా మొదలై, దళసరి బిళ్లగా మారి, చివరికి కణితిగా ఎదిగే మూడు దశలను గుర్తించాడు. 1938లో ఆల్బేర్ సెజారీ ఒళ్లంతా ఎర్రబడి తీవ్రమైన దురదతో బాధపడే రోగి రక్తంలో వికృతమైన కణాలను చూపాడు. ఆ రూపానికి నేడు సెజారీ సిండ్రోమ్ అని పేరు. ఇవన్నీ టి-కణాల వ్యాధులేనని తేలి, 1975లో చర్మపు టి-కణ లింఫోమా అనే ఉమ్మడి పేరు వాడుకలోకి వచ్చింది. కణితిని చూసినవాడు ఒకడు, దాని వెనుక ఏళ్ల తరబడి నడిచిన మచ్చను చూసినవాడు మరొకడు, రక్తాన్ని చూసినవాడు ఇంకొకడు కాగా, ఈ చూపులన్నీ ఒకచోట చేరేసరికి నూట అరవై ఏళ్లు దాటింది; అదే చేరికను ఒక్క రోగి విషయంలో కొద్ది వారాల్లో సాధించడం నేటి శిక్షణ లక్ష్యం.

ఆ లక్ష్యానికి వైద్యలోకం ఇంకా దూరంగానే ఉంది. 2015లో మొదలైన ప్రోక్లిపి అనే అంతర్జాతీయ అధ్యయనంలో, ప్రత్యేక కేంద్రాలకు చేరిన తొలిదశ రోగులలో సైతం లక్షణాలు మొదలైన నాటి నుంచి నిర్ధారణ జరిగేసరికి సగానికి సగం మందికి మూడేళ్లో అంతకంటే ఎక్కువో పట్టినట్టు తేలింది. మచ్చ తామరలాగానో సోరియాసిస్‌లాగానో ఉంటుంది, స్టెరాయిడ్ ఆయింట్‌మెంటుతో కొంత తగ్గుతుంది, మళ్లీ వస్తుంది; ఈలోగా రోగి వైద్యుణ్ణి మారుస్తాడు, కొత్త వైద్యుడు కథను మళ్లీ మొదటి నుంచి ప్రారంభిస్తాడు. తామర అనుకొని డూపిలుమాబ్ వంటి ఇంజెక్షన్ మొదలుపెట్టిన తరువాత, మరుగున ఉన్న లింఫోమా బయటపడిన ఉదంతాలు కూడా వైద్యపత్రికల్లో నమోదయ్యాయి.

కాబట్టి శిక్షణ అతి చిన్న పనుల దగ్గర మొదలుకావాలి. బయాప్సీకి, అంటే చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చేసే పరీక్షకు, పంపే చీటీని ఉదాహరణగా తీసుకోవచ్చు. రద్దీగా ఉన్న ఓపీలో ఆ చీటీ మీద తరచు 'తామర' అనే మాట, పక్కన ఒక ప్రశ్నార్థకం మాత్రమే ఉంటాయి. మచ్చ ఎన్నేళ్లుగా ఉన్నదీ, ఎండ తగలని నడుము, పిరుదులు, తొడల పైభాగాల్లో ఉన్నదీ లేనిదీ, చర్మం ఉల్లిపొరలా పలచబడి ముడతలు పడుతున్నదీ లేనిదీ, పూత మందు ఆపి ఎన్ని వారాలైనదీ అందులో రాసి, ఒక ఫొటో జతచేసి, ఒకటికి మించిన చోట్ల నుంచి ముక్కలు తీసి పంపితే, పాథాలజిస్టు అదే స్లైడును వేరే కళ్లతో చూస్తాడు. లింఫోసైట్లు పైచర్మం అడుగు వరుస వెంట ముత్యాలపేరులా బారులు తీరడం, ఒక్కో కణం చుట్టూ తెల్లని వలయం ఏర్పడడం, తామరలో చేరినంత నీరు పైచర్మంలో చేరకపోవడం అతని చూపును నిలుపుతాయి. తొలి బయాప్సీలో ఏమీ తేలకపోవడం ఈ జబ్బులో మామూలే కనుక, అనుమానం తీరేదాకా ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ పరీక్షించే ఓర్పును కూడా విద్యగానే నేర్పాలి.

స్లైడు ఒక్కటే నమ్ముకొంటే ఏమవుతుందో లింఫోమటాయిడ్ పాప్యులోసిస్ చెబుతుంది. సూక్ష్మదర్శిని కింద ఉగ్రమైన లింఫోమాలా కనిపించే ఈ పొక్కులు వాటంతట అవే మానిపోయి మళ్లీ వస్తుంటాయని, 1968లో వారెన్ మెకాలే ఒకే ఒక్క రోగిని శ్రద్ధగా గమనించి లోకానికి తెలియజేశాడు. స్లైడు చూసి భయపడిన వైద్యుడు ఇటువంటి రోగికి అనవసరంగా కీమోథెరపీ ఇచ్చే ప్రమాదం ఉంది. రోగిని మాత్రమే చూసిన వైద్యుడు, కొందరిలో దీనికి తోడుగా మరో లింఫోమా రావచ్చునన్న జాగ్రత్తను మరిచిపోయే ప్రమాదం ఉంది. అందుకే చర్మవైద్యుడు, పాథాలజిస్టు, క్యాన్సర్ వైద్యుడు, రేడియేషన్ నిపుణుడు ఒకే గదిలో ఒకే రోగిని చూసే ఉమ్మడి క్లినిక్కును మించిన పాఠశాల యువవైద్యుడికి లేదు. పెద్దలు తమలో తాము విభేదించి, కారణాలు చెప్పుకొని, ఒక నిర్ణయానికి రావడాన్ని దగ్గర నుంచి చూడడం పుస్తకం నేర్పలేని చదువు.

భారతదేశంలో, ప్రత్యేకించి తెలుగునేలపై, ఈ శిక్షణకు అదనపు బాధ్యత ఉంది. పాఠ్యగ్రంథాల్లోని చాలా చిత్రాలు తెల్లని చర్మం మీద ఎర్రని మచ్చలను చూపుతాయి. చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు గోధుమరంగులోనో ఊదారంగులోనో కనిపిస్తుంది. పైగా మైకోసిస్ ఫంగాయిడిస్‌లో రంగు తగ్గిన మచ్చలుగా వచ్చే రకం నల్లని చర్మం గలవారిలో, అందునా పిల్లల్లో, యువకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మన ఊళ్లలో తెల్లమచ్చ అనగానే శోభి, బొల్లి, కుష్ఠు గుర్తుకు వస్తాయే గాని లింఫోమా తలపుకు రాదు. అయితే ఇక్కడి ఎండీ పట్టా చర్మ, సుఖవ్యాధులతో పాటు కుష్ఠును కూడా తన పేరులోనే నిలుపుకొన్నది కాబట్టి, మచ్చ మీద స్పర్శ ఉన్నదో లేదో చూడడం మన విద్యార్థికి మొదటి ఏడాదిలోనే అలవడుతుంది. స్పర్శ చెడకుండా, నరాలు ఉబ్బకుండా, శోభి మందుకు లొంగకుండా నెలల తరబడి నిలిచిన తెల్లమచ్చను బయాప్సీకి పంపాలన్న ఒక్క నియమాన్ని ఆ అలవాటుకు జోడిస్తే, విదేశీ గ్రంథాలు ఇవ్వలేని నైపుణ్యం ఇక్కడే తయారవుతుంది.

నిర్ధారణ తరువాత నేర్వవలసినవి కొలత, నిగ్రహం. మచ్చలు ఒంటి చర్మంలో పదోవంతు కంటే తక్కువ ఉంటే టి1 అని, అంతకు చేరినా మించినా టి2 అని, ఒక సెంటీమీటరు, ఆపైన ఉన్న కణితి లేస్తే టి3 అని, ఒంటిలో 80 శాతం, ఆపైన ఎర్రబడితే టి4 అని విభజిస్తారు. వేళ్లతో సహా రోగి అరచేయి ఒంటి చర్మంలో సుమారు ఒక శాతం అన్న లెక్కతో మచ్చను ఒకటితో, బిళ్లను రెండుతో, కణితిని నాలుగుతో హెచ్చవేసి తీవ్రతను అంకెగా మారుస్తారు. పది శాతం మచ్చలు, అయిదు శాతం బిళ్లలు, రెండు శాతం కణితులు ఉన్న రోగి అంకె 28. ఆరు నెలల తరువాత అదే అంకె 14కు దిగితే చికిత్స పనిచేసినట్టు ఎవరైనా ఒప్పుకొంటారు. ఇక నిగ్రహం విషయానికి వస్తే, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 103 మంది రోగులతో చేసి 1989లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటే కీమోథెరపీని, ఎలక్ట్రాన్ కిరణ చికిత్సను కలిపి ఇచ్చినవారిలో 38 శాతం మందికి, పూత మందులతో మొదలుపెట్టి అంచెలంచెలుగా చికిత్స పొందినవారిలో 18 శాతం మందికి జబ్బు పూర్తిగా అణిగింది. అయినా ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు, మొదటి వర్గం దుష్ప్రభావాలను మాత్రం ఎక్కువగా భరించింది. తొలిదశలో పూత మందు, అతినీలలోహిత కిరణాలు సరిపోతాయన్న నేటి పద్ధతికి ఇటువంటి అధ్యయనమే పునాది.

అరుదైన జబ్బులో పరిశోధన ఒంటరిగా సాగదు. 2015లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం, ముదిరిన దశలో ఉన్న 1,275 మంది రోగుల వివరాలను 29 కేంద్రాల నుంచి పోగుచేసిన తరువాతే, నాలుగో దశ, అరవై దాటిన వయసు, పెద్దకణాలుగా రూపాంతరం, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము పెరుగుదల అనే నాలుగూ ప్రతికూల సూచనలని చెప్పగలిగింది. ఆ 1,275లో ప్రతి అంకె వెనుకా ఎక్కడో ఒక ఓపీలో తేదీతో, ఫొటోతో, కొలతతో రాసిపెట్టిన కాగితం ఉంది. ఎండీ విద్యార్థి విధిగా రాసే థీసిస్ మూడేళ్లలో ముగిసి అల్మారాలో చేరిపోతున్నది. దాని బదులు ఒక విద్యార్థి తెరిచిన రోగుల నమోదు పుస్తకాన్ని తరువాతి విద్యార్థి కొనసాగిస్తే, పదేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల కళాశాలలూ కలిసి ప్రపంచానికి కొత్త విషయం చెప్పగలవు.

ఇన్ని నేర్పినా ఒకటి మిగులుతుంది. క్యాన్సర్ అన్న మాట విన్న కుటుంబం మొదట అడిగేవి, ఇది అంటుకుంటుందా, పిల్లకు పెళ్లవుతుందా, ఎన్నాళ్లు బతుకుతారు అనే ప్రశ్నలే. మైకోసిస్ ఫంగాయిడిస్ అంటువ్యాధి కాదనీ, పదోవంతు కంటే తక్కువ చర్మానికి మచ్చలు పరిమితమైన తొలిదశ రోగుల ఆయుర్దాయం తోటి వయసువారితో దాదాపు సమానమనీ, అయినా ఏళ్ల తరబడి వైద్యుణ్ణి కలుస్తూ ఉండాలనీ వారి మాటల్లో, వారి ఎదుట కూర్చొని చెప్పడం కూడా పరీక్షించి మార్కులు వేయవలసిన నైపుణ్యమే.

ప్రతి వైద్యకళాశాల నెలకు ఒక పూట ఉమ్మడి క్లినిక్కును, చర్మవిభాగంలో ఒక శాశ్వత నమోదు పుస్తకాన్ని, ప్రతి యువవైద్యుడికి చేయిపట్టి నడిపించే ఒక పెద్దను ఏర్పాటు చేయాలని ఈ సభ కోరవలసి ఉంది. వీటికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. మానని మచ్చతో మూడో వైద్యుడి గుమ్మం ఎక్కిన రోగికి నాలుగో గుమ్మం ఎక్కే అవసరం రాకూడదు. ఆ మూడో వైద్యుణ్ణి సిద్ధం చేయడం ఈ సభలోని ప్రతి గురువు బాధ్యత.